తల్లి లేని పిల్లల వెంట

దసరాకూ దీపావళికీ నడుమ జగిత్యాల జిల్లాలో ఏ రోడ్డు పట్టుకున్నా మక్కల కల్లమే. తారు మీద ఒక పక్కంతా ఆరబోసి ఉంటాయి, రెండో పక్క నుంచి బస్సులూ లారీలూ పోతుంటాయి. రాత్రి జల్లు పడితే ఉరికొచ్చి పరదాలు కప్పుతారు, తెల్లారి తీసి మళ్ళీ నెరుపుతారు. నేను బయల్దేరింది కోడిపిల్లల సంగతి తెలుసుకుందామని. ఆ సంగతి ఈ మక్కల దగ్గరే మొదలవుతుందని పొలాస చేరాక తెలిసింది.

కరీంనగర్ పక్కన మా ఊళ్ళో మహిళా సంఘం ఆడవాళ్ళు కొందరు పెరట్లో సాకుదామని ఒక్కరోజు పిల్లలను అట్టపెట్టెల్లో తెచ్చుకున్నారు. వారం తిరక్కముందే చాలా ఇళ్ళలో పారుడు మొదలైంది. తోక కింద తెల్లటి పెంట అంటుకుపోయి, రెక్కలు వాల్చి, మూలకు చేరి కునుకుతూ కునుకుతూ చచ్చిపోయాయి. ఎవరిని అడిగినా "రోగం తగిలింది" అనే ఒక్క మాటే. మందుల దుకాణంలో ఇచ్చిన ఏదో పొడి నీళ్ళలో కలిపి పోశారు. ఆగలేదు. సంఘంలో అప్పు తీసి తెచ్చుకున్న పిల్లలవి. ఏ రోగమో, ఎందుకు వచ్చిందో చెప్పేవాళ్ళు లేక వాళ్ళు మళ్ళీ కోళ్ళ జోలికే పోమని తీర్మానించుకోవడం నాకు మనసొప్పలేదు.

పొలాస పేరు ఇక్కడి రైతులందరికీ తెలుసు. వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నది అక్కడే. జగిత్యాల సన్నాలు అని పిలిచే జేజీఎల్ 1798 వరి వంగడం పుట్టింది అక్కడే. కోళ్ళు సాకే ఒక అవ్వను వెతుక్కుంటూ వెళ్ళాను, ఆమె ఇల్లు ఊరి చివర. వాకిట్లో పెట్ట ఒకటి పిల్లలను వెంటేసుకుని గీకుతోంది. అవ్వ అరుగు మీద చాటలో మక్కలు పోసుకుని ఏరుతోంది. నల్లబడ్డ గింజ, పచ్చగా బూజు పట్టిన గింజ, పగిలిన గింజ పక్కకు పోతున్నాయి. గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ముందుగాల వాసన జూడాలె బిడ్డా. బూజు వాసనొస్తే పెంటకుప్పల పారబోసుడే. మనం తినం గదా, కోడికి పెడదాం అంటరు. పిల్లలకు పెట్టినవనుకో, ఒక్కటి మిగలదు."

ఆమె చెప్పిన దానికి సైన్సులో పెద్ద చరిత్రే ఉంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు ఉన్నట్టుండి చనిపోయాయి. కారణం అంతుపట్టక దాన్ని టర్కీ ఎక్స్ వ్యాధి అన్నారు. చివరికి అది దాణాలో కలిపిన పల్లిపిండి బూజు వల్ల వచ్చిందని తేలింది. ఆ బూజు వదిలే విషమే అఫ్లాటాక్సిన్. అది ముందు కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పిల్ల తిన్నది ఒంటికి పట్టదు, పారుడు పడుతుంది, వేసిన టీకా కూడా సరిగా పనిచేయదు. బూజు పట్టిన మక్కలను ఎండలో వేసినా, పెనం మీద వేయించినా బూజు చస్తుందేమో గానీ విషం పోదు. రోడ్ల మీద తడిసి ఆరి, ఆరి తడిసిన మక్కల్లో ఎన్ని ఇలా సంచుల్లోకి ఎక్కుతున్నాయో తలచుకుంటే గుబులు పుట్టింది. అమ్మకానికి పనికిరాని గింజే కోళ్ళ పాలవుతోంది మరి. పిల్లల మేత కోసం దాచుకునే సంచి మాత్రం బాగా ఎండిన గింజతో నింపి, నేలకు ఆనకుండా చెక్క మీదో రాళ్ళ మీదో పెట్టుకోవాలి.

అవ్వతో మాట్లాడుతున్నంతసేపూ నా చూపు ఆ పెట్ట మీదే ఉంది. నూక కనబడితే అది తినదు. ముక్కుతో ఎత్తి కింద వేసి, మళ్ళీ ఎత్తి, ఒక రకంగా కూస్తుంది. పిల్లలు పరుగెత్తుకొచ్చి ఆ గింజనే పొడుస్తాయి. కాసేపు తిరిగాక కూర్చుని రెక్కలు విప్పుతుంది, అన్నీ కిందికి దూరిపోతాయి. తడి ఉన్న చోటు నుంచి ఎండ ఉన్న చోటికి తీసుకుపోతుంది. పిల్లలు తల్లి వేసిన పెంటలో కూడా ముక్కులు పెడుతున్నాయి. నేను ముఖం చిట్లిస్తే అవ్వ నవ్వింది. "పెట్టనియ్యి. అట్లనే గట్టిపడ్తయి."

మా ఊరి పిల్లల గురించి చెప్పాను. ఆమె ఎక్కువ ఆలోచించలేదు. "మిషిని పిల్లలకు అమ్మ లేదు. అమ్మ లేనప్పుడు అమ్మ పని మనమే జెయ్యాలె. ఎచ్చగ ఉంచుడు, తినుడు నేర్పుడు, తడిల పండకుంట జూసుడు. మీరు జేసిన్రా?" నా దగ్గర జవాబు లేదు. తర్వాత కోరుట్లలో విన్నవన్నీ ఈ ప్రశ్నకు వివరణలే.

జగిత్యాల నుంచి కోరుట్ల దగ్గరే. మధ్యలో మక్క కోసిన చేలు, వాటి పక్కన ఎదిగిన పసుపు. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. నేను వెళ్ళేసరికి ఇద్దరు రైతులు చచ్చిన పిల్లలను సంచుల్లో పెట్టుకుని వచ్చి ఉన్నారు. అక్కడి అధ్యాపకుడొకరు విద్యార్థులను చుట్టూ నిలబెట్టుకుని వాటిని కోసి చూపిస్తున్నారు. నన్నూ నిలబడమన్నారు. ఆ బల్ల దగ్గర గడిపిన పూట నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా విలువైంది.

మొదటిది నాలుగైదు రోజుల పిల్ల. పొట్ట ఉబ్బి ఉంది, బొడ్డు మూసుకోలేదు. కోయగానే లోపల పచ్చసొన సంచి అలాగే ఉంది, కంపు కొడుతోంది. గుడ్డులోంచి బయటికి వచ్చే ముందు పిల్ల మిగిలిన పచ్చసొనను పొట్టలోకి లాక్కుంటుంది. మూడు రోజుల దాకా మేత లేకున్నా ప్రాణం నిలబెట్టేది అదే. హేచరీలు పిల్లలను దూరప్రాంతాలకు పంపగలుగుతున్నది ఆ ధైర్యంతోనే. "అయితే మేడమ్, బతకడం వేరు, ఎదగడం వేరు" అన్నారాయన. మేతా నీళ్ళూ తొందరగా అందిన పిల్లలోనే పచ్చసొన తొందరగా ఖర్చవుతుంది, పేగు లోపలి పొర ఎదుగుతుంది. చలి పట్టిన పిల్లలో ఆ సొన కరగదు. హేచరీలోనో దారిలోనో బొడ్డు గుండా సూక్ష్మజీవులు చేరితే కుళ్ళుతుంది. అప్పుడు ఏ మందు పోసినా లాభం తక్కువ.

ఆయన నన్ను మా ఊరి పిల్లల గురించి అడిగారు. ఏ పూట తెచ్చారు? దేంట్లో? దింపగానే ఏం పెట్టారు? బల్బు ముందే వేశారా, పిల్లలు వచ్చాకనా? నేను చూసింది చెప్పాను. ట్రాలీలో, గాలికి, చీకటి పడ్డాక వచ్చాయి. ఆ రాత్రి చాలామంది పెట్టెలోనే ఉంచి మూత పెట్టారు. తెల్లారి బోరు నీళ్ళు చల్లటివి పళ్ళెంలో పోసి, నూకలు చల్లారు. ఆయన తల ఊపారు. "తోక కింద అంటుకుపోవడానికి ఆ చలి ఒక్కటి చాలు."

తోక కింద పెంట గట్టిపడి దారి మూసుకుపోతే పిల్ల లోపల ఉన్నది బయటికి పోలేక చస్తుంది. ఆ పిల్లను చేతిలోకి తీసుకుని, గోరువెచ్చని నీళ్ళలో ముంచిన మెత్తటి బట్టతో నానబెట్టి, నానాక తుడవాలి. గీకి లాగితే చర్మం ఊడివస్తుంది. తుడిచాక ఆరేదాకా వెచ్చగా ఉంచాలి. ఇంకో జాగ్రత్త విద్యార్థులకు ఆయన రెండుసార్లు చెప్పారు. బొడ్డు దగ్గర ఎండి వేలాడే చిన్న పొక్కును చూసి అదీ పెంటే అనుకుని పీకేవాళ్ళున్నారు. బొడ్డు పొట్ట మీద ఉంటుంది, పెంట అంటేది తోక కింద. బొడ్డును ముట్టుకోకూడదు.

ఇదే తెల్లటి పారుడు ఇంకో కారణంతోనూ వస్తుంది. అది సాల్మొనెల్లా పుల్లోరం. తల్లి నుంచి గుడ్డు లోపలికే దిగుతుంది. పుట్టిన రెండు మూడు వారాల్లోపు పిల్లలు కుప్పకూలిపోతాయి, బతికినవి పైకి బాగానే కనబడుతూ తమ గుడ్ల ద్వారా మళ్ళీ పంచుతాయి. కనుక ఆ గండం గట్టెక్కిన పెట్టల గుడ్లు పొదిగించకూడదు. తల్లి కోళ్ళకు రక్తపరీక్ష చేయించే హేచరీ నుంచే పిల్లలను తెచ్చుకోవాలి. చలి పారుడూ ఈ పారుడూ కంటికి ఒకేలా ఉంటాయి. తేడా తెలియాలంటే చచ్చిన పిల్లను కుళ్ళకముందే ఐసుముక్కల మధ్య పెట్టి పశువైద్యుడి దగ్గరికి పట్టుకుపోవాలి. మా ఊళ్ళో చచ్చిన పిల్లలను వాగులో పారేశారు.

రెండో సంచిలోది మూడు వారాలు దాటిన పిల్ల. పేగు చివర జంటగా ఉండే సంచుల్లాంటివి ఉబ్బి, ముదురు ఎరుపులో ఉన్నాయి. కోస్తే లోపలంతా రక్తం. తెచ్చిన రైతు నోట మాట రాలేదు. రక్తపారుడు, డాక్టర్ల భాషలో కాక్సిడియోసిస్. ఐమీరియా అనే కంటికి కనబడని జీవి పేగు గోడల్లోకి దూరి వాటిని చీల్చుకుని వస్తుంది. పెంటలో పడ్డ దాని గుడ్డుకు తడి, వెచ్చదనం, గాలి దొరికితే రెండు రోజుల్లో రోగం అంటించేంత పదునవుతుంది. ఇంకో పిల్ల ముక్కుతో దాన్ని ఏరుకు తింటే వారంలో అది వేల గుడ్లు విసర్జిస్తుంది. ఫినాయిలూ బ్లీచింగూ దాన్ని ఏమీ చేయలేవు. పొడిదనం చేస్తుంది.

ఇక్కడ నాకు సందేహం వచ్చింది. పొలాస అవ్వ పిల్లలు తల్లి పెంటలో ముక్కు పెడుతుంటే ఆమె నవ్వింది కదా, దాంతోనే ఈ రోగం రాదా? ఆయన ముఖం వెలిగింది. ఎండపొడలో, విశాలమైన వాకిట్లో పిల్ల ఆ గుడ్లను కొద్దికొద్దిగానే తింటుంది, ఆ కొద్దిపాటితో పేగుకు కాపుదల వస్తుంది. ఇరుకు గూట్లో, తడి ఊక మీద ఒకేసారి గంపెడు తింటే చస్తుంది. ఇంకో మేలూ ఉంది. ఫిన్లాండ్‌లో ఎస్కో నుర్మి అనే శాస్త్రవేత్త 1973లో సహోద్యోగి రంటాలాతో కలిసి ఒక సంగతి నిరూపించారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దకోడి పేగులోని సూక్ష్మజీవులను అప్పుడే పుట్టిన పిల్లలకు ఇస్తే సాల్మొనెల్లా వాటి పేగులో చోటు పట్టలేకపోయింది. తల్లి కింద పుట్టిన పిల్లకు ఆ మంచి జీవులు మొదటి రోజే అందుతాయి. మిషన్లో పుట్టిన పిల్ల పేగు ఖాళీగా ఉంటుంది, ముందు ఏది చేరితే దానిదే రాజ్యం. "అట్లని ఎవరి కోడి పెంటో తెచ్చి పెట్టొద్దు మేడమ్. పుల్లోరమూ దాంతోనే వస్తుంది" అని వెంటనే హెచ్చరించారు. పిల్లలకని అమ్మే ప్రోబయోటిక్ పొడి మొదటి రోజుల్లో ఇవ్వొచ్చన్నారు.

మరి దుకాణంలో ఇచ్చిన పొడి? నేను పొట్లం మీది పేరు చదివాను. యాంటీబయోటిక్. రోగమేదో తెలియకుండా మొదటి రోజు నుంచే అది పోస్తే ఖాళీ పేగులో చేరబోయే మంచి జీవులను కూడా చంపుతుంది. మనుషుల వైద్యంలో ఆఖరి ఆయుధంగా దాచుకునే కొలిస్టిన్‌ను సైతం కోళ్ళ దాణాలో కలిపేవాళ్ళు. 2019 జూలైలో కేంద్రం ఆహారం కోసం పెంచే జంతువులకు దాన్ని నిషేధించింది. రక్తపారుడుకు ఆంప్రోలియం అనే మందు ఉంది, వైద్యుడు చెప్పిన మోతాదులో బాగా పనిచేస్తుంది. నీరసంగా ఉన్నాయని దాంతో పాటే బి విటమిన్ టానిక్కు పోస్తారు చాలామంది. ఆంప్రోలియం ఆ పరాన్నజీవికి బి1 అందకుండా చేసే మందు. టానిక్కు పోస్తే మందు బలం పోతుంది. ఈ ఒక్క ముక్క ప్రతి మందుల దుకాణం గోడ మీదా రాయించాలనిపించింది.

కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ బస్సు ఎక్కాను. దారిలో ఒక ఊరి దగ్గర మోపెడ్ మీద గంపలు కట్టుకుని రంగు పిల్లలు అమ్మేవాడు కనిపించాడు. గులాబీ, ఆకుపచ్చ, నీలం. చుట్టూ బడి పిల్లలు. గుడ్ల జాతి కోళ్ళలో పుంజు పిల్లలు ఫారాలకు అక్కరకు రావు, వాటికి రంగు వేసి ఇలా తోలేస్తారు. వెచ్చదనం లేక, నీళ్ళు లేక ఎండలో తిరిగిన ఆ పిల్లలు ఇల్లు చేరి రెండు మూడు రోజుల్లో పోతాయి. చిన్నపిల్లల చేతుల్లో ఒక ప్రాణి అలా చావడం నాకు సహించరాని విషయం. దయచేసి కొనకండి.

వేములవాడలో రాజన్నకు దండం పెట్టుకుని సిరిసిల్ల చేరేసరికి పొద్దు గూకుతోంది. వీధిలోకి అడుగు పెట్టగానే సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు. మా దూరపు చుట్టం ఇంట్లో ముందు గదిలో సాంచాలు, వెనక రేకుల కింద కోళ్ళు. చెల్లె వయసున్న ఆ ఇల్లాలు ఒక పిల్లను పట్టుకుని నోరు తెరిచి చూస్తోంది. నాలుక మొదట్లో పాలిస్టర్ దారం చుట్టుకుని ఉంది, రెండో కొస గొంతులోకి పోయింది. లాగలేదు. బయట ఉన్న మేర కత్తెరతో కత్తిరించి వదిలేసింది.

"లాగితే లోపల తెగుతది అక్కా. మొదట్ల తెల్వక లాగినం. కందనకాయల దారం ఉండలు ఉండలు ఉంటుండె. ఇప్పుడు సాంచాల కాడ ఊడ్చిన తుక్కు కోళ్ళ దిక్కు రానియ్యం."

కోడికి పళ్ళు లేవు, కందనకాయే నూరుతుంది. లోపల చిన్న చిన్న రాళ్ళుంటే బాగా నూరగలదు. గడ్డి పీచు, దారం, ప్లాస్టిక్కు చేరితే దారి మూసుకుపోయి పిల్ల మేత మానేస్తుంది, దాన్ని రోగమనుకుంటాం. గింజలు తినే వయసు రాగానే శుభ్రమైన ముతక ఇసుక ఒక మూకుడులో పెట్టడం ఆ ఇంటి అలవాటు. సిరిసిల్లలో సాంచాలున్న ప్రతి ఇంటికీ ఈ జాగ్రత్త అవసరం.

రేకుల కింద ఆమె కొత్త పిల్లల కోసం సిద్ధం చేసిన చోటు చూపించింది. పాత రేకును గుండ్రంగా వంచి కట్టిన కంచె. మూలలు ఉంటే పిల్లలు అక్కడ గుంపుపడి ఒకదాని కింద ఒకటి నలిగి చస్తాయి. కింద రెండంగుళాల మందాన ఊక, దాని మీద మొదటి రోజులకు కాగితాలు, లేకుంటే పిల్లలు ఊకనే మేతనుకుని మింగుతాయి. పిల్లలు రావడానికి చాలా ముందే బల్బులు వెలిగించి చోటు కాచుతుంది. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ కావాలి, తర్వాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. ఆమె దగ్గర కొలిచే పరికరం లేదు, పిల్లలే చెబుతాయంది. బల్బు కింద ముద్దగా చేరి అరిస్తే చలి, అంచులకు పారిపోయి నోళ్ళు తెరిస్తే వేడి, అంతటా పరుచుకుని తిరుగుతుంటే సరిపోయినట్టు. వచ్చిన పిల్లను వచ్చినట్టే పట్టి ముక్కు ఒకసారి గోరువెచ్చని బెల్లం నీళ్ళలో ముంచి వదులుతుంది. ఆ బెల్లం నీళ్ళు ఒక పూట దాకానే. ఎక్కువసేపు ఉంటే పులిసి అవే పారుడు తెస్తాయి. కాసేపు తాగాక కాగితం మీద పలుకులుగా విసిరిన మక్కలు చల్లుతుంది, మర్నాటి నుంచి పిల్లల దాణా. నూకలతోనే సాకితే కడుపు నిండుతుంది గానీ మాంసకృత్తులు అందవు, ఒళ్ళు పెరగదు. రాత్రి పడుకునే ముందు నాలుగైదింటిని పట్టి మెడ మొదట్లోని మేతసంచి తడుముతుంది. అంబలిలా మెత్తగా తగిలితే తిన్నవి, తాగినవి. గట్టిగా ఉంటే నీళ్ళు అందలేదు. ఖాళీగా ఉంటే మేత దొరకలేదు.

ఊక సంగతి చూపించమన్నాను. గుప్పెడు తీసి పిడికిలి బిగించి వదిలింది. విడిపోయింది. ముద్దగా నిలిచిపోతే ఆ రోజే తీసేస్తానంది. నీళ్ళ గిన్నె చుట్టూ ఉన్న ఊకను మాత్రం రోజూ మారుస్తుంది, గిన్నెను ఇటుక మీద పెడుతుంది. రక్తపారుడు ఆ ఇంటికి రాకపోవడానికి కారణం నాకు ఆ ఇటుకలో కనబడింది.

ఇంకో మూల ఒక నాటు పెట్ట కింద తెల్లటి, గోధుమ రంగు పిల్లలు. దాని గుడ్లు కావవి. "పొదిగే కోడి కింద రాత్రి చీకట్ల మెల్లగ ఒక్కోటి పెట్టినం అక్కా. పొద్దుగాల లేచి తనవే అనుకున్నది." రాజేంద్రనగర్‌లో రూపుదిద్దుకున్న రాజశ్రీ పిల్లలవి. రాజశ్రీ గానీ, హైదరాబాద్ కోళ్ళ పరిశోధన సంచాలనాలయం తెచ్చిన వనరాజా, గ్రామప్రియ గానీ పెరట్లో వదలడానికి ముందు ఆరు వారాలు వెచ్చగా, టీకాలతో సాకాలి. అంత వెసులుబాటు లేని ఇంటికి ఆరు వారాలు సాకిన పిల్లలనే కొనుక్కోవడం మేలు. ధర ఎక్కువైనా చావు తక్కువ.

మా ఊరికి తిరిగి వచ్చి సంఘం ఆడవాళ్ళకు ఇదంతా చెప్పాను. ఒక్క పనికి మాత్రం ఒంటరి ఇల్లు చాలదు. కొక్కెర తెగులు వస్తే ఆకుపచ్చ పారుడు, మెడ వంకర, ఊరంతా ఊడ్చుకుపోవడం. రాణిఖేత్ అనే కొండ ఊరి పేరు మీద పిలిచే ఆ వ్యాధికి మందు లేదు, టీకా ఒక్కటే. మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, నాలుగో వారంలో మళ్ళీ, ఎనిమిదో వారంలో చర్మం కింద సూది. రెండో వారంలో తెల్ల పారుడు తెచ్చే గంబోరోకు మరో చుక్క. నీళ్ళలో కలిపి ఇచ్చే టీకా అయితే క్లోరిన్ కలిసిన నల్లా నీళ్ళు పనికిరావు, టీకా చస్తుంది. టీకా సీసా చిన్నదంటే వంద పిల్లలకు వచ్చేది, కలిపాక రెండు గంటల్లో వేసేయాలి. పది పిల్లలున్న ఇల్లు దానికోసం సీసా కొనదు, అందుకే ఊళ్ళలో టీకా పడదు. ఒక వాడకట్టులోని ఇళ్ళన్నీ ఒకే వారంలో పిల్లలను దింపుకుని, ఒకే పొద్దున ఐసు డబ్బాలో సీసా తెప్పించుకుంటే ఇంటికి పడే ఖర్చు కొద్దిపాటిది. అక్కలారా, చెల్లెలారా, ఈసారి పిల్లలకు బయానా ఇచ్చే ముందే పక్కింటివాళ్ళతో మాట్లాడి ఆ టీకా రోజు ఖాయం చేసుకోండి.